నాన్న పొలంలో వాటా వద్దని సంతకం పెట్టమంటున్నారు, పెట్టేయాలా?

తెనాలి_సుజాత
మాది తెనాలి దగ్గర పల్లె. నాన్న 2011లో పోయారు. అమ్మ అన్నయ్య దగ్గర ఉంటుంది. అక్క, అన్నయ్య, నేను ముగ్గురం. అక్క పెళ్ళి 1983లో, నాది 1998లో. ఆస్తి అంటే తాతల నాటి నాలుగెకరాల మాగాణి, నాన్న తన సంపాదనతో కొన్న 80 సెంట్లు, ఊళ్ళో పాత పెంకుటిల్లు. నాన్న పోయినప్పటి నుంచి పొలం అన్నయ్య చేతిలోనే ఉంది. కౌలు ఎంత వస్తోందని మేమెప్పుడూ అడగలేదు.

మొన్న అన్నయ్య, వదిన పళ్ళూ పూలూ పట్టుకుని ఇంటికొచ్చారు. పండగ కాదు, పబ్బం కాదు. కాఫీలయ్యాక అసలు సంగతి చెప్పారు. పొలం అమ్ముతున్నారట. కొనేవాళ్ళ లాయరు ఆడపిల్లల సంతకాలు లేకపోతే కుదరదన్నాడట. "ఊరికే ఫార్మాలిటీ అమ్మా, చెరో లక్ష ఇస్తాను" అన్నాడు. కాగితం చూపించమంటే "రిజిస్ట్రార్ ఆఫీసులో చదువుకుందువుగానీ" అన్నాడు. కట్నం పుచ్చుకున్నాక మళ్ళీ వాటా ఏమిటని వదిన. నిజంగానే మాకేమీ రాదా? గొడవ పెట్టుకోవాలని లేదు. కానీ తెలియకుండా సంతకం పెట్టడం కూడా ఇష్టం లేదు.

బందరు_బుల్లోడు
రిజిస్ట్రార్ ఆఫీసులో చదువుకోవడమా! అక్కడ మన పేరు చదువుకునే టైమే ఇవ్వరు. వేలు పెట్టు, ఫొటో దిగు, పక్కకి జరుగు, అంతే.

గోదారి_గట్టు
లక్షా? తెనాలి చుట్టుపక్కల మాగాణి ఏ రేటుందో మీ అన్నయ్యకి తెలీదా, మీకు తెలీదా?

తెనాలి_సుజాత
ఇద్దరికీ తెలుసండీ. అందుకే నిద్ర పట్టట్లేదు.

పెద్దబాలశిక్ష
ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం ఉంది కదా. ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమాన హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. చట్టం చేసింది 1986లో, అమలు మాత్రం ఆ తేదీ నుంచి. దేశం మొత్తానికి 2005లో వచ్చింది మనకి ఇరవయ్యేళ్ళ ముందే వచ్చింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో మన బాటే పట్టాయి. అయితే అందులో ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి వర్తించదు. కాబట్టి సుజాత గారికి వస్తుంది, వాళ్ళక్కకి రాదు.

ఉల్లిగడ్డ_ఉపేందర్
గదేం న్యాయం సారూ. ఒక్క తల్లి బిడ్డలే గదా. ముందు లగ్గమైతే తప్పా?

పెద్దబాలశిక్ష
న్యాయం సంగతి నేను చెప్పడం లేదు, సెక్షన్ 29ఏ చెప్పింది.

నల్లకోటు_గుంటూరు
పెద్దబాలశిక్ష గారు సగం దాకా సరిగ్గా చెప్పి ఆగిపోయారు. 29ఏ మీద ఆగకూడదు. 2005 సెప్టెంబరు 9 నుంచి హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 6 మారింది. ఆ కేంద్ర సవరణలో పెళ్ళి తేదీ ఊసే లేదు. పెళ్ళయినా కాకపోయినా, ఎప్పుడయినా, కూతురు పుట్టుకతోనే కొడుకుతో సమానంగా హక్కుదారు. కాబట్టి 1983లో పెళ్ళయిన అక్కకీ ఉంది.

ఒక్క షరతు. 2004 డిసెంబరు 20కి ముందే ఆస్తి పంపకం రిజిస్టర్డ్ దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో అయిపోయి ఉండకూడదు. సుజాత గారూ, అప్పటికి పంపకాలేమైనా జరిగాయా?

తెనాలి_సుజాత
లేదండీ. నాన్న బతికున్నన్నాళ్ళూ పంపకాల మాటే ఎత్తలేదు. అన్నయ్య ఒక్కడే కొడుకు, ఎవరికి పంచాలి అనేవారు.

బందరు_బుల్లోడు
"ఎవరికి పంచాలి"! పక్కనే ఇద్దరు ఆడపిల్లలు కూర్చుని వింటున్నారు.

రిటైర్డ్_రెవెన్యూ
నాన్నగారు 2011లో పోయారు కాబట్టి సరిపోయింది. అదే 2005కి ముందే పోయుంటే కూతుళ్ళకి వచ్చేది కాదు. సుప్రీంకోర్టు తీర్పు ఉంది, తండ్రీ కూతురూ ఇద్దరూ 2005 సెప్టెంబరు 9 నాటికి బతికుండాలి.

నల్లకోటు_గుంటూరు
సార్, అది 2015 నాటి ఫూలవతి కేసు మాట. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని పక్కన పెట్టేసింది. హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి తండ్రి ఆ రోజుకి బతికున్నాడా లేదా అన్నది లెక్కలోకే రాదు. ఇప్పటికీ కొన్ని మండలాల్లో పాత తీర్పు చూపించి ఆడవాళ్ళని వెనక్కి పంపేస్తున్నారు. దయచేసి దాన్ని ఇంకా మోయకండి.

అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. "ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నాం" అంటే మామూలుగా చెల్లదు. ప్రభుత్వ రికార్డుల్లో దానికి గట్టి ఆధారాలు కనపడితే తప్ప.

రిటైర్డ్_రెవెన్యూ
సరే, నేను రిటైరయ్యాక వచ్చిన తీర్పు. ఒప్పుకుంటున్నా. కానీ పాస్‌బుక్ అన్నయ్య పేరు మీదకి మారిపోయి ఉంటే? 1బిలో, అంటే భూమి ఎవరిదో చూపించే రెవెన్యూ రికార్డులో, ఆయన పేరే ఉంటుంది కదా.

నల్లకోటు_గుంటూరు
మీరే అడుగుతున్నారా సార్ ఇది. మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, శిస్తు ఎవరు కట్టాలో తేల్చడానికే, హక్కు తేల్చడానికి కాదని సుప్రీంకోర్టు ఎన్నిసార్లు చెప్పిందో మీకు తెలియదా?

రిటైర్డ్_రెవెన్యూ
తెలుసు. మా తహసీల్దారు ఆఫీసుల్లో చెప్పేది వేరు. 😀

ఉల్లిగడ్డ_ఉపేందర్
మా దిక్కు గిదే పంచాది. మా బాపు పోయినంక అన్న ఒక్కడే పోయి ధరణిల, గదే తెలంగాణ భూముల రికార్డుల పోర్టల్ల, తన పేరు ఎక్కించుకున్నడు. చెల్లెండ్ల సంతకం ఎట్ల తెచ్చిండో దేవునికే ఎరుక. 2025ల ధరణి పోయి భూభారతి అచ్చింది గానీ మా కాగితం మాత్రం గట్లనే ఉన్నది. వకీలు ఏమన్నడంటే, పాస్‌బుక్కు చూసి పరేషాన్ గావద్దు, 1954-55 ఖాస్రా పహాణీ, గదే పాత భూమి రికార్డు, దాని కెళ్ళి నకల్లు తీయుండ్రి, భూమి తాతదని తేలితే అన్న పేరు మీదున్నా మీ వాటా మీదే అన్నడు.

కడప_కారం
యాడైనా ఇదే కథప్పా. అన్న పేరు మీదికి ఎక్కేదానికి గంట చాలు, చెల్లెలి పేరు ఎక్కాలంటే జీవితకాలం.

తెనాలి_సుజాత
నల్లకోటు గారూ, లెక్క ఎలా వస్తుందో కాస్త చెబుతారా? అక్కకి చెప్పాలి. తను "మనకేం వస్తుందిలే, పెట్టేద్దాం" అంటోంది.

నల్లకోటు_గుంటూరు
ముందు ఒక ప్రశ్న. నాలుగెకరాలు మీ తాతగారికి ఎలా వచ్చాయి? ఆయన ఎప్పుడు పోయారు? మా సీనియర్ ఆఫీసులో ఎవరొచ్చినా ముందు ఇదే అడుగుతాం, ఎందుకంటే జనం "తాతల ఆస్తి" అనేదంతా చట్టం దృష్టిలో పిత్రార్జితం కాదు. తాత సొంతంగా సంపాదించి, 1956 తర్వాత వీలునామా రాయకుండా పోతే, అది మీ నాన్నకి వచ్చేసరికి ఆయన సొంత ఆస్తి లెక్కే. అందులో పిల్లలకి పుట్టుకతో హక్కుండదు. 1986 నాటి చందర్ సేన్ కేసు దగ్గర్నుంచి ఇదే వరస.

తెనాలి_సుజాత
తాతగారికి ఆయన నాన్న నుంచే వచ్చింది. తాతగారు పోయింది నాన్న చిన్నప్పుడే, 1950కి ముందు. పాత కాగితాలు ఇనప్పెట్టెలో ఉండేవి.

నల్లకోటు_గుంటూరు
అయితే పిత్రార్జితమే. లెక్క ఇది.

నాన్న పోయే ముందు క్షణంలో పొలం పంచారని చట్టం ఊహిస్తుంది. నాన్న, అన్న, అక్క, మీరు. నాలుగెకరాలు నలుగురికి తలా ఎకరం. మన ప్రాంతంలో ఈ మొదటి పంపకంలో భార్యకి వేరే భాగం రాదు. ఇప్పుడు నాన్న భాగం, ఆ ఒక్క ఎకరం, ఆయన వారసులకి సమానంగా: అమ్మ, అన్న, అక్క, మీరు. తలా 25 సెంట్లు. వెరసి అన్నకి ఎకరం పాతిక, అక్కకి ఎకరం పాతిక, మీకు ఎకరం పాతిక, అమ్మకి పాతిక సెంట్లు.

నాన్న కొన్న 80 సెంట్లు ఆయన సొంతం. వీలునామా లేకపోతే నలుగురికీ తలా 20 సెంట్లు. ఇల్లు పాతకాలం నుంచి ఉన్నదైతే పొలంలాగే, ఆయన కట్టిందైతే ఈ 80 సెంట్లలాగే.

బందరు_బుల్లోడు
వచ్చేది ఎకరం 45 సెంట్లు. ఇస్తానన్నది లక్ష. మీ అన్నయ్య లెక్కల మాస్టారు ఎవరండీ?

అమ్మాజీ_అత్తిలి
ఉండే ఇంట్లో ఆడపిల్లలు పంపకం అడగకూడదు అంటారు కదా, మా ఊళ్ళో కరణం గారు గట్టిగా చెప్పారు.

నల్లకోటు_గుంటూరు
అది హిందూ వారసత్వ చట్టంలోని సెక్షన్ 23. 2005లోనే తీసేశారు. కరణాల వ్యవస్థ అంతకన్నా ముందే పోయింది, వాళ్ళ సలహాలు మాత్రం ఇంకా మిగిలాయి.

ఒక్కగానొక్క_కొడుకు
అందరూ అన్నయ్యని విలన్ చేసేశారు. నేనూ అన్నయ్యనే. ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకి నాన్న చేసిన అప్పు నేను తీర్చాను. అమ్మకి డయాలసిస్, వారానికి రెండుసార్లు నేనే తీసుకెళ్తున్నా. చెల్లెళ్ళు సంక్రాంతికి వస్తారు, చీర తీసుకుంటారు, వెళ్తారు. ఇప్పుడు సమాన వాటా అంటే నాకు కడుపు మండదా? చట్టంలో హక్కులే ఉంటాయా, బాధ్యతలుండవా?

గోదారి_గట్టు
కట్నం ఇచ్చాం అని కూడా అనండి, ఒక పనైపోతుంది.

ఒక్కగానొక్క_కొడుకు
ఇచ్చాం. ఇచ్చింది అబద్ధమా?

గోదారి_గట్టు
అబద్ధం కాదు, నేరం. 1961 చట్టం ప్రకారం పుచ్చుకోవడమే కాదు, ఇవ్వడం కూడా. "కట్నం ఇచ్చాం కాబట్టి వాటా లేదు" అని కోర్టులో అఫిడవిట్ వేయండి చూద్దాం. అయినా కట్నం వెళ్ళింది ఎవరి చేతికి? అల్లుడి చేతికి, వియ్యంకుడి చేతికి. కూతురి పేరు మీద ఎకరం రాసినవాణ్ణి చూపించండి.

నల్లకోటు_గుంటూరు
ఒక్కగానొక్క_కొడుకు గారి మాటని అంత తేలిగ్గా కొట్టేయకండి. ఆయన అన్నదాంట్లో చట్టం ఒప్పుకునేవి ఉన్నాయి. తండ్రి కుటుంబం కోసం చేసిన అప్పు ఆస్తిలోంచి తీరాలి, అంటే వాటా తీసుకునే ప్రతివాళ్ళూ మోయాలి. మీరు తీర్చిన రశీదులుంటే లెక్కల్లో పెట్టండి. అలాగే తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లో పిల్లలంటే కొడుకులే కాదు, కూతుళ్ళు కూడా. అమ్మ మందుల ఖర్చు చెల్లెళ్ళని అడిగే హక్కు మీ అమ్మగారికి ఉంది. కానీ ఆ ఖర్చు చూపించి వాళ్ళ వాటా మొత్తం మీరే ఉంచేసుకునే వీలు మాత్రం చట్టంలో లేదు.

ఒక్కగానొక్క_కొడుకు
చెల్లెళ్ళ దగ్గర రశీదులు చూపించి డబ్బులడగాలా? మా ఇంట్లో అలాంటి పద్ధతి లేదు.

పసుపు_కుంకుమ
మరి పద్ధతి లేని ఇంట్లో సంతకాలు మాత్రం ఎందుకు అడుగుతారు తమ్ముడూ? అదీ కాగితమే కదా.

నాది వేరే కథ. పెళ్ళిలో పీటల మీద నాన్న "పసుపు కుంకుమ కింద అరెకరం" అన్నారు, ఊరంతా విన్నది, పురోహితుడు చదివాడు. కాగితం లేదు. నాన్న పోయాక తమ్ముడు "ఏ అరెకరం?" అన్నాడు. భూమి దానం రిజిస్టరు కాకపోతే చెల్లదట. ఊరంతా సాక్ష్యం చెప్పినా నిలవదని లాయరు చెప్పాడు. అయితే మామూలు వాటాగా అడిగితే వచ్చేది అంతకన్నా ఎక్కువని కూడా ఆయనే చెప్పాడు!

కడప_కారం
మీ తమ్ముడు అరెకరం ఎగ్గొట్టి ఎకరం పోగొట్టుకున్నాడన్న మాట.

వదిలేసిన_వనజ
నేను సంతకం పెట్టాను. తెలిసే పెట్టాను, లెక్కంతా వేసుకున్నాకే. తమ్ముడికి ఇద్దరు పిల్లలు, ఒకడికి ఒంట్లో బాగుండదు. మాకు ఇద్దరం ఉద్యోగాలు. నా వాటా వాడికి ఉంచేశాను, నాకేం దిగుల్లేదు. ఎవరూ నన్ను అమాయకురాలనుకోనక్కర్లేదు. సుజాత గారి విషయంలో నచ్చనిది అది కాదు. ఎంత వస్తుందో చెప్పకుండా అడగడం. వదులుకోవడం, లాగేసుకోవడం ఒకటే ఎలా అవుతాయి?

డాలస్_పిల్ల
నాకూ కాగితం పంపించారు, పవర్ ఆఫ్ అటార్నీ. ఇండియన్ కాన్సులేట్‌లో సంతకం పెట్టి పంపమన్నారు. చదివితే అందులో "అమ్మడానికి, డబ్బు తీసుకోవడానికి, అన్ని ఆస్తుల మీద" అని ఉంది. అన్ని ఆస్తులు అంటే నేను హైదరాబాద్‌లో కొన్న ఫ్లాట్ కూడానా?

నల్లకోటు_గుంటూరు
అవును, అలా రాస్తే అది కూడా. ఏ సర్వే నంబరు, ఏ పని, అంతవరకే రాసిన స్పెషల్ పవర్ మాత్రమే ఇవ్వండి. ఇంకోటి, విదేశంలో రాసిన పవర్ ఇండియాకి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి.

తెనాలి_సుజాత
కొత్త సంగతి. నిన్న అన్నయ్యకి ఫోన్ చేసి లెక్క అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాన్న వీలునామా రాశాడు, అంతా నాకే" అన్నాడు. పద్నాలుగేళ్ళుగా ఎవరం వినలేదు దాని గురించి. ఫొటో పంపమంటే పంపాడు. తెల్లకాగితం, నాన్న సంతకం లాగే ఉంది, కింద ఇద్దరు సాక్షులు. ఒకాయన పోయాడు. ఇంకొకాయన మా వదిన బాబాయి. అంటే అయిపోయినట్టేనా?

బందరు_బుల్లోడు
సాక్షి వదిన బాబాయి. ఇంక సినిమా అవసరమా.

రిటైర్డ్_రెవెన్యూ
తెల్లకాగితమని తీసిపారేయకండి. వీలునామాకి స్టాంపు పేపరూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు చాలు.

నల్లకోటు_గుంటూరు
రెవెన్యూ సార్ ఈసారి పూర్తిగా కరెక్ట్. రిజిస్టరు కాలేదన్న కారణంతో వీలునామా పోదు. కానీ నిరూపించుకోవాల్సింది దాని మీద ఆధారపడేవాడే, అంటే మీ అన్నయ్య. సాక్షుల్లో కనీసం ఒకాయన కోర్టుకొచ్చి "నా కళ్ళెదుట సంతకం పెట్టాడు" అని చెప్పాలి. ఇన్నేళ్ళు ఎందుకు బయటపెట్టలేదు, అప్పుడు నాన్న ఆరోగ్యం ఎలా ఉంది, భార్యకి పూచికపుల్ల కూడా రాయకుండా ఎందుకు వదిలేశాడు, ఇవన్నీ అనుమానాలే. అవి తీర్చే బాధ్యత కూడా ఆయనదే.

ఇప్పుడు అసలు విషయం, అక్కకి ఇది తప్పక చెప్పండి. వీలునామా నిజమైనదే అనుకుందాం. నాన్న రాయగలిగేది తన భాగం వరకే. తన ఎకరం, తను కొన్న 80 సెంట్లు. మీ ఎకరం, అక్క ఎకరం ఆయనవి కావు, మీరు పుట్టినప్పటి నుంచీ మీవే. ఏ వీలునామా వాటిని తాకలేదు. అంటే అన్నయ్య చెప్పిందంతా నిజమైనా మీ ఇద్దరికీ చెరో ఎకరం ఖాయం.

గోదారి_గట్టు
ఈ పోస్టు పైన పిన్ చేయండి ఎవరైనా.

అమ్మాజీ_అత్తిలి
చదువుతుంటే కళ్ళు తిరిగాయి. మా నాన్నగారూ వీలునామా రాశారని అందరం నోరు మూసుకున్నాం.

సలీమా_కర్నూలు
ఈ లెక్క అందరికీ కాదు, తెలియనివాళ్ళు పొరబడతారని చెప్తున్నా. మాలో పుట్టుకతో వచ్చే హక్కు ఉండదు, నాన్న పోయాకే. కొడుక్కి వచ్చేదాంట్లో కూతురికి సగం. కానీ ఆ సగాన్ని వీలునామాతో ఎగ్గొట్టడం కష్టం, మూడో వంతు దాటి వీలునామా రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. ఆ సగం కూడా ఎవరిస్తున్నారు అంటే, ఆ విషయంలో అన్నయ్యలందరిదీ ఒకటే మతం.

ఒక్కగానొక్క_కొడుకు
😐

జాన్_బాపట్ల
మా క్రైస్తవులకి 1925 నాటి వారసత్వ చట్టం. భార్యకి మూడో వంతు, మిగతాది పిల్లలందరికీ సమానం, ఆడా మగా తేడా లేదు. కాగితం మీద మేమే బెటర్. ఊళ్ళో మాత్రం మా అక్కల చేత కూడా సంతకాలు పెట్టించుకున్నారు.

లీగల్_సొల్యూషన్స్_1
ఇలాంటి సమస్యలకి మా ఫర్మ్‌ని సంప్రదించండి. 100 శాతం గెలుపు గ్యారంటీ. గెలిచాకే ఫీజు.

బందరు_బుల్లోడు
నల్లకోటు గారూ, మీ పోటీదారు.

నల్లకోటు_గుంటూరు
వకీళ్ళు ప్రకటనలివ్వకూడదు, బార్ కౌన్సిల్ రూల్ 36. గెలిచాక వాటా తీసుకునే బేరం కూడా మనకి నిషేధమే. గెలుపు గ్యారంటీ ఇచ్చేవాడు వకీలు అయ్యుండడు. ఇన్నాళ్ళుగా ఇక్కడ రాస్తున్నా, నా పేరు మీలో ఒక్కరికీ తెలియకపోవడానికి కారణం ఇదే.

అడ్మిన్
ఆ సభ్యుణ్ణి తీసేశాం.

తెనాలి_సుజాత
ఇంకో సంగతి. అక్క ఇవాళ చెప్పింది, నాన్న దశదినం అయిన వారంలోనే అన్నయ్య తన చేత వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించుకున్నాడట. ఏం రాసుందో తనకి తెలీదు. పాసుబుక్కు మార్చడానికి అన్నాడట.

గోదారి_గట్టు
దశదినం అయిన వారంలో!

నల్లకోటు_గుంటూరు
భూమిలో హక్కు వదులుకునే దస్తావేజు రిజిస్టరు కావాల్సిందే. వంద రూపాయల కాగితం మీద సంతకంతో హక్కు పోదు. అయితే అవతలి లాయరు దాన్ని "ఇదివరకే కుటుంబంలో మాట్లాడుకున్న ఏర్పాటు, దాన్ని రాసి పెట్టుకున్నామంతే" అని చూపించే ప్రయత్నం చేస్తాడు. అలాంటి కాగితాలకి కోర్టులు కొంత విలువ ఇస్తాయి. కాబట్టి అందులో ఏముందో చూడకుండా ధైర్యంగా ఉండకండి. నకలు అడగండి, వాట్సాప్‌లోనే అడగండి. జవాబు ఏదొచ్చినా రాతపూర్వకంగా ఉంటుంది.

రిటైర్డ్_రెవెన్యూ
మళ్ళీ నేనే. 12 ఏళ్ళు దాటితే పోతుందంటారు కదా. 2011 నుంచి ఎప్పుడో దాటింది.

నల్లకోటు_గుంటూరు
ఉమ్మడి ఆస్తి ఒకరి చేతిలో ఉంటే అది అందరి తరఫునా ఉన్నట్టే. 12 ఏళ్ళ గడియారం మొదలయ్యేది "నీకు ఇందులో హక్కు లేదు పొమ్మన్న" సంగతి మీకు తెలిసిన రోజు నుంచి. సుజాత గారికి ఆ రోజు నిన్నో మొన్నో వచ్చింది. అలాగని తీరిగ్గా కూర్చోమని కాదు.

పార్టిషన్_బాధితుడు
తీరిగ్గా కూర్చోకండి, తొందరపడి దావా కూడా వేయకండి. మాది పంపకాల దావానే. ముందు ప్రాథమిక డిక్రీ వస్తుంది, ఎవరికెంతో చెబుతుంది. గెలిచామని స్వీట్లు పంచాం. ఆ తర్వాత తెలిసింది అసలు కథ. కమిషనర్ రావాలి, సర్వేయర్ కొలవాలి, ఏ ముక్క ఎవరిదో రిపోర్టివ్వాలి, దాని మీద అభ్యంతరాలు, తర్వాతే ఫైనల్ డిక్రీ. ఇంకా అవ్వలేదు. కాలవ పక్క ముక్క నాకంటే నాకని మళ్ళీ తగువు. మా లాయరుగారబ్బాయి కూడా ఇప్పుడు లాయరే, మా కేసు ఆయనే చూస్తున్నాడు.

బందరు_బుల్లోడు
వారసత్వం అంటే అదీ.

నల్లకోటు_గుంటూరు
ఆయన చెప్పింది నిజం. అందుకే నేను దావా కన్నా ముందు వేరే దారి చెబుతాను. సుజాత గారూ, ముందు ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, తీయించండి. 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. 1బి, అడంగల్ (సాగు వివరాల రికార్డు) నకళ్ళు, నాన్న మరణ ధృవీకరణ, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్. ఇవి చేతిలో పెట్టుకుని అన్నయ్యకి నోటీసు. అందులో తిట్లుండకూడదు, వాటా ఎంతో మాత్రం ఉండాలి. ఆ నోటీసు కాపీ కొనేవాళ్ళ లాయరుకి కూడా వెళ్ళాలి. మీ సంతకం కావాలని పట్టుబట్టినవాడు ఆయనే కదా, నోటీసు చూశాక ఆ పొలం మొత్తానికి డబ్బు కట్టమని తన క్లయింటుకి చెప్పడు.

గోదారి_గట్టు
సబ్‌రిజిస్ట్రార్‌కి అభ్యంతరం పెడితే ఆపరా?

రిటైర్డ్_రెవెన్యూ
కోర్టు ఉత్తర్వు లేకపోతే సాధారణంగా ఆపరు. తీసుకుని ఫైల్లో పెడతారు. కానీ అన్నయ్య అమ్మినా కొన్నవాడికి వెళ్ళేది అన్నయ్య వాటాయే.

నల్లకోటు_గుంటూరు
దావా వేశాక అమ్మితే కొన్నవాడు ఆ తీర్పుకి కట్టుబడాల్సిందే, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52. నోటీసుకి జవాబు రాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, తెనాలిలో మండల కమిటీ కూడా ఉంది. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఫోన్ 15100. దావా వేయకముందే ఇద్దర్నీ పిలిచి కూర్చోబెడతారు. అక్కడ ఒప్పందం కుదిరితే లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కాబట్టి కుదుర్చుకునేటప్పుడే సెంటు లెక్కతో సహా చూసుకోవాలి.

ఒక్కగానొక్క_కొడుకు
నేను అడిగేది కూడా ఇదే. కోర్టుకి లాగకుండా మాట్లాడుకోవచ్చు కదా. చెల్లెలు నేరుగా నోటీసు పంపితే ఏ అన్నయ్య మాట్లాడతాడు?

వదిలేసిన_వనజ
తమ్ముడూ, ఆమె ఫోన్ చేసింది. అవతల నుంచి వీలునామా వచ్చింది.

ఒక్కగానొక్క_కొడుకు
అది తప్పు. ఒప్పుకుంటా. ఒక మాట చెప్పనా సుజాత గారూ, అన్నయ్య తరఫున ఆలోచించి. పొలం మొత్తం అమ్ముడుపోకపోతే ఆయన వాటాకి కూడా రేటు రాదు. ముక్కలైతే కొనేవాడు వెనక్కి తగ్గుతాడు. కాబట్టి మీ సంతకం ఆయనకి కావాలి. బేరం మీ చేతిలోనే ఉంది. నాలుగు వాటాలకీ డబ్బు అదే రోజు, అదే బల్ల మీద, ఎవరి ఖాతాలోకి వాళ్ళకి పడేలా అమ్మకానికి ఒప్పుకోండి. అన్నయ్య చేతికిచ్చి తర్వాత పంచుకుందాం అనొద్దు. అన్నయ్యల సంగతి నాకు తెలుసు.

బందరు_బుల్లోడు
అవతలి క్యాంపు నుంచి వచ్చిన గూఢచారి ఈయన!

నల్లకోటు_గుంటూరు
ఈ సలహాకి నేను ఫీజు తీసుకునేవాణ్ణి. అందరూ అమ్మకందారులుగా ఒకే దస్తావేజులో సంతకం పెడితే విడిగా విడుదల పత్రం గొడవే ఉండదు, వాటాల అంకెలు అందులోనే రాయించండి. అమ్మగారి పేరు మర్చిపోకండి. ఆమెకి నాలుగెకరాల్లో పాతిక సెంట్లు, నాన్న కొన్న 80 సెంట్లలో 20 సెంట్లు. ఆ డబ్బు ఆమె పేరు మీదే వేయించండి.

తెనాలి_సుజాత
అక్క, నేను మాట్లాడుకున్నాం. అమ్మకానికి మేం అడ్డు కాదు, కానీ నలుగురం అమ్మకందారులుగానే వస్తాం, వాటాలు కాగితంలో ఉండాలి, 80 సెంట్ల విషయంలో వీలునామా మాట తేలేవరకు ఆ ముక్క పక్కన పెట్టాలి. ఇదే వాట్సాప్‌లో అన్నయ్యకి పెట్టాం, అమ్మకి ఫోన్లో చదివి వినిపించాం. అమ్మ "నాకూ వాటా ఉందా?" అంది. ఈసీకి అప్లై చేశాను. అన్నయ్య చూశాడు, రెండు నీలం టిక్కులు పడ్డాయి, ఇంకా జవాబు లేదు.

ఉల్లిగడ్డ_ఉపేందర్
జవాబు రాకుంటే నోటీసు పంపుండ్రి అక్కా. నల్లకోటు సారూ, మా చెల్లెండ్ల సంగతి అడుగుత, తెలంగాణల గిదే లెక్కనా? నేను వాళ్ళ దిక్కే.

నల్లకోటు_గుంటూరు
చట్టం ఒకటే, 1986 సవరణ ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది కాబట్టి మీకూ అదే. మీ తాత, మీ బాపు ఎప్పుడు పోయారో, భూమి ఎట్ల వచ్చిందో రాయండి, ఖాస్రా నకలు చేతికొచ్చాక.